మలక్‌పేట మైదానంలో మిత్రులతో ఒక రోజు



గుర్రప్పందేలు అనగానే మన ఇళ్లలో పెద్దవాళ్ల ముఖం చిట్లుతుంది. రేసులు మరిగి పొలం అమ్ముకున్నవాళ్ల కథ, జీతమంతా కౌంటరు దగ్గరే వదిలేసి ఉత్తచేతులతో ఇంటికొచ్చినవాళ్ల కథ ఏదో ఒకటి ప్రతి బంధువర్గంలోనూ వినిపిస్తుంది. ఆ కథల్లో కన్నీళ్లున్నాయి. వాటిని తీసిపారేసే ఉద్దేశం నాకు లేదు. కానీ రేసుకోర్సులో పందెం కౌంటరు పక్కనే మరో అద్భుతం ఉంది. దాని పేరు గుర్రం. నలుగురు స్నేహితులు కలిసి, జేబుకు ఒక హద్దు పెట్టుకుని, ఆ గుర్రాన్ని కళ్లారా చూడటానికి వెళితే ఒక ఆదివారం ఎంత నిండుగా గడుస్తుందో చెప్పాలని ఇవాళ మీ ముందుకొచ్చాను.

నేను చెప్పేది మన హైదరాబాద్ మలక్‌పేట రేసుకోర్సు గురించి. ఈ నగరంలో గుర్రప్పందేలు 1868లో మౌలాలిలో మొదలయ్యాయి. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ 1886లో వాటిని మలక్‌పేటకు తరలించారు. ఆయన భవనం మహబూబ్ మాన్షన్ కూడా ఆ దగ్గర్లోనే ఉండేది. ఇప్పటి హైదరాబాద్ రేస్ క్లబ్ 1961లో ఏర్పడింది. వానాకాలంలో ఒక సీజను, చలికాలంలో ఒక సీజను నడుస్తాయి. వానాకాలం సీజనులో పెద్ద పండుగ డెక్కన్ డెర్బీ. ఆనవాయితీగా గాంధీ జయంతి నాడు జరుగుతుంది. చలికాలంలో గోల్కొండ డెర్బీ. డెర్బీకి వయసు నిబంధన ఉంటుంది కాబట్టి ఏ గుర్రానికైనా ఒక డెర్బీ జీవితంలో ఒక్కసారే అందే అవకాశం. ఆ ఏడు తప్పితే మళ్లీ రాదు. అందుకే డెర్బీ రోజు మైదానంలో ఉండే ఉత్కంఠ వేరు.

మేము వెళ్లింది మాత్రం డెర్బీ రోజున కాదు, చలికాలంలో ఒక మామూలు ఆదివారం. కొత్తవాళ్లు అలాంటి రోజునే వెళ్లాలని నా సలహా. జనం తక్కువ, తీరిక ఎక్కువ. మా బృందంలో ఒక పశువైద్యుడు, ఒక బ్యాంకు అధికారి, ఒక తెలుగు మాస్టారు, చేనేత చీరలకు డిజైన్లు గీసే ఒక మిత్రురాలు ఉన్నారు. మెట్రో ఎక్కి మలక్‌పేటలో దిగి, మాట్లాడుకుంటూ నడిచి వెళ్లాం. దారిలోనే ఒక నియమం పెట్టుకున్నాం. ప్రతి పందేనికీ ఒక్కొక్కరు ఒక్కో గుర్రాన్ని ఎంచుకోవాలి. ఎందుకు ఎంచుకున్నారో కారణం చెప్పాలి. ఆ కారణాన్ని రేసు బుక్ అంచున పెన్సిల్‌తో రాయాలి. సాయంత్రానికి ఎవరి కారణాలు ఎక్కువసార్లు నిలబడితే వారికి మిగతావాళ్లు చాయ్ పార్టీ ఇవ్వాలి. ఈ చిన్న నియమం ఆ రోజంతా మా కళ్లను, చెవులను, నోళ్లను ఖాళీగా ఉండనివ్వలేదు.

రేసు బుక్ అంటే ఆ రోజు పందేల పంచాంగం. గేటు దగ్గరే అమ్ముతారు. ఒక్కో పందెం ఎన్ని మీటర్లు, ఎన్ని గుర్రాలు, ఒక్కోదాని తల్లి పేరు, తండ్రి పేరు, వయసు, రంగు, యజమాని, ట్రైనరు, జాకీ, మోయాల్సిన బరువు, నిలబడాల్సిన గేటు నంబరు, గత పందేల్లో ఎన్నో స్థానంలో వచ్చింది, అన్నీ అందులో ఉంటాయి. మొదటిసారి చూసేవారికి అంకెల అడవిలా కనిపిస్తుంది కానీ, పది నిమిషాలు కూర్చుని చదివితే దారి దొరుకుతుంది.

అందులో నాకు అన్నిటికంటే నచ్చిన ఏర్పాటు బరువుల లెక్క. పందెంలో దిగే గుర్రాలన్నీ సమాన శక్తిగలవి కావు. అందుకని ప్రతి గుర్రానికీ దాని గత పందేలను బట్టి ఒక రేటింగ్ ఇస్తారు. ఆ రేటింగ్ ఎక్కువైన కొద్దీ ఎక్కువ బరువు మోయాలి. ఒక పాయింటుకు అరకిలో చొప్పున లెక్క. అంటే పది పాయింట్లు ఎక్కువున్న గుర్రం ఐదు కిలోలు అదనంగా మోస్తుంది. జాకీ తేలికగా ఉంటే జీను కింద సీసపు పలకలు పెట్టి ఆ బరువు సరిచేస్తారు. పందేనికి ముందు జాకీ జీనుతో సహా తూకం ఎక్కాలి. పందెం అయ్యాక మళ్లీ ఎక్కాలి. లెక్క తేడా వస్తే గెలుపు రద్దు కావచ్చు. బలవంతుడి భుజాన బరువు పెట్టి బలహీనుడికీ గెలిచే దారి చూపించే ఈ పద్ధతిలో ఒక న్యాయం ఉంది. అన్ని గుర్రాలూ ఒకే వరుసలో వచ్చి గీత దాటాలన్నది ఆ బరువులు వేసేవాడి ఆశయం. అది నెరవేరదు. నెరవేరకపోవడంలోనే పందెం పుడుతుంది.

పందేనికి ముందు గుర్రాలను తీసుకొచ్చి నడిపించే గుండ్రటి ఆవరణను పాడక్ అంటారు. చాలామంది అక్కడ ఆగరు. నేరుగా కౌంటర్ల వైపు వెళ్లిపోతారు. మమ్మల్ని డాక్టరు గారు కదలనివ్వలేదు. "ముందు నడక చూడండి. వెనక కాలు ముందు కాలి అడుగును దాటి పడుతోందా లేదా చూడండి" అన్నారు. చూశాం. ఒక ముదురు గోధుమ రంగు ఆడగుర్రం అడుగు తీసి అడుగు వేస్తుంటే వెనక డెక్క ముందు డెక్క ముద్రను దాటుకుని బెత్తెడు ముందుకు పడుతోంది. తొందర లేదు, బెదురు లేదు. ఎండ పడిన చోట దాని పిరుదుల మీద రూపాయి బిళ్లలంత మచ్చలు మెరుస్తున్నాయి. బాగా తిండి తిని, చక్కగా మాలీషు జరిగి, ఆరోగ్యంగా ఉన్న గుర్రం ఒంటి మీద ఆ నిగారింపు వస్తుందట. చెవులు రెండూ ముందుకు నిక్కి ఉన్నాయి. దాని వెనకే వచ్చిన మరో గుర్రానికి మెడ మీద, తొడల మధ్య తెల్లటి నురుగు కట్టింది. "అది తన పందెం ఇక్కడే పరుగెత్తేస్తోంది. గేటు దాకా వెళ్లేసరికి సగం శక్తి ఖర్చయిపోతుంది" అన్నారు డాక్టరు గారు.

ఆయన చెప్పిన ఇంకొన్ని సంగతులు మీతో పంచుకోవాలి. విశ్రాంతిగా ఉన్నప్పుడు గుర్రం గుండె నిమిషానికి 30 నుంచి 40 సార్లు కొట్టుకుంటుంది. మన గుండె కంటే నెమ్మది. అదే పందెంలో 200 దాటిపోతుంది. దాని ప్లీహంలో ఎర్ర రక్తకణాల నిల్వ ఉంటుంది. పరుగు మొదలు కాగానే ప్లీహం ముడుచుకుని ఆ నిల్వను రక్తంలోకి వదులుతుంది. దౌడు తీసేటప్పుడు ఒక్కో అంగకు ఒక్కో శ్వాస మాత్రమే. అంగ, శ్వాస ఒకే తాళంలో నడుస్తాయి. కళ్లు తలకు రెండు పక్కలా ఉంటాయి కాబట్టి దాదాపు చుట్టూ కనిపిస్తుంది. వెనక వచ్చేవాటిని చూసి చెదిరిపోయే గుర్రాలకు బ్లింకర్లు కడతారు. ఆ సంగతి కూడా ముందే ప్రకటించాలి. ఈ జాతి గుర్రాలను థరోబ్రెడ్లు అంటారు. లోకంలోని థరోబ్రెడ్లన్నిటి మగ వంశావళి వెనక్కి వెళితే మూడే మూడు మగ గుర్రాల దగ్గర ఆగుతుంది. డార్లీ అరేబియన్, బయర్లీ టర్క్, గొడాల్ఫిన్ అరేబియన్. పదిహేడు, పద్దెనిమిది శతాబ్దాల సంధిలో ఇంగ్లండు చేరిన ఆ తూర్పుదేశపు గుర్రాల సంతానమే ఈ రోజు మలక్‌పేటలో మన కళ్ల ముందు నడుస్తోంది.

మా చేనేత మిత్రురాలి కళ్లు జాకీల చొక్కాల మీద పడ్డాయి. ప్రతి యజమానికీ నమోదైన రంగులుంటాయి. పసుపు మీద ఎర్ర చుక్కలు, నీలం మీద తెల్ల పట్టీ, టోపీకి మరో రంగు. దూరం నుంచి ఏ గుర్రం ఎక్కడుందో తెలియాలంటే ఆ రంగులే గుర్తు. "ఈ ఆకుపచ్చకు ఆ నారింజ అంచు మన పోచంపల్లి నేతగాళ్లు వేసినట్టుంది" అని మురిసిపోయి ఆవిడ ఆ గుర్రాన్నే ఎంచుకున్నారు. మాస్టారు పేర్లు చదువుతూ కూర్చున్నారు. గుర్రం పేరు ఇంగ్లిషులో ఖాళీలతో కలిపి 18 అక్షరాలు మించకూడదని నియమం. చాలా పేర్లలో తల్లి పేరులోనో తండ్రి పేరులోనో ఒక ముక్క వినిపిస్తుంది. ఆయన ఆ చుట్టరికాలను కలుపుకుంటూ పోయారు.

ఆ పందెం 1200 మీటర్లది. గుర్రాలు మైదానం అవతలి వైపుకు వెళ్లిపోయాయి. ఒక్కొక్కటే గేటు అరల్లోకి ఎక్కుతున్నాయి. ఒకటి మొరాయించింది. ఇద్దరు చేతులు కలిపి వెనక నుంచి నెట్టారు. గేట్లు ధడాలున తెరుచుకున్నాయి. ఆ క్షణం నుంచి గీత దాటే దాకా సుమారు నిమిషం పావు. అంతే. అవతలి వైపు ఉన్నంతసేపు అవి రంగుల చుక్కలే. మలుపు తిరిగి ఎదురు దారిలోకి రాగానే ముందు శబ్దం వస్తుంది. నేల నుంచి వస్తుంది. కఠెడా మీద పెట్టిన అరచేతులకు ఆ అదురు తెలుస్తుంది. నాలుగైదు వందల కిలోల జంతువు గంటకు 60 కిలోమీటర్ల వేగంతో, అలాంటివి పది కలిసి, మన ముందు నుంచి దూసుకెళుతుంటే మట్టిగడ్డలు ఎగిరి పడతాయి, జాకీల కేకలు వినిపిస్తాయి, కొరడా చప్పుడు వినిపిస్తుంది. చుట్టూ జనం తెలుగులో, దక్కనీలో, ఇంగ్లిషులో ఒకేసారి అరుస్తారు. నంబర్లు అరిచేవాళ్లు కొందరు, జాకీ పేరు పెట్టి పిలిచేవాళ్లు కొందరు. మా మాస్టారు జీవితమంతా పిల్లల్ని గట్టిగా అరవొద్దని చెప్పిన మనిషి. ఆయన గొంతు అందరికంటే పైన వినిపించింది.

పక్క దారిలో ఒక అంబులెన్సు గుర్రాల వెంటే పరుగెత్తుతుంది. చాలామంది దాన్ని గమనించరు. జాకీల పని ఎంత ప్రమాదమో ఆ బండి చెబుతుంది. యాభై కిలోల మనిషి రికాబుల మీద వేళ్ల కొనలతో నిలబడి, ఆ వేగంలో, పక్క గుర్రానికి జానెడు దూరంలో నడపాలి. ఆ యాభై కిలోలు దాటకుండా ఉండటానికి వాళ్లు కడుపు మాడ్చుకునే రోజులు తక్కువేమీ కావు.

ఆ పందెంలో మొదటి రెండు గుర్రాలు ఒకేసారి గీత దాటినట్టు కనిపించాయి. గీత దగ్గర తీసిన ఫోటో అడిగారు. మైదానమంతా ఒక్కసారిగా చల్లబడింది. తెర మీద ఫలితం వచ్చింది. ముక్కు తేడా. రేసుల భాషలో ముక్కు, పొట్టి తల, తల, మెడ, ఆపైన గుర్రం పొడవు, ఇలా తేడాలు కొలుస్తారు. గెలిచింది డాక్టరు గారు చూపించిన ఆ ముదురు గోధుమ రంగు ఆడగుర్రం. అరచేయంత తేడాతో ఓడింది మిత్రురాలి ఆకుపచ్చ నారింజ గుర్రం. ఇద్దరూ చేతులు పట్టుకుని ఎగిరారు. గెలుపు, ఓటమి ఇద్దరికీ ఒకే ఆనందాన్నిచ్చాయి. నలుగురు కలిసి వెళ్లడంలో ఉన్న విలువ ఇదే.

ఇక డబ్బు సంగతి. మేమూ చిన్న చిన్న టికెట్లు కొన్నాం. టోట్ అనే పద్ధతిలో అందరి పందెం డబ్బూ ఒక కుప్పగా పోస్తారు. అందులోంచి క్లబ్బు కోత, పన్ను తీసేసి మిగిలింది గెలిచినవాళ్లకు పంచుతారు. విన్ అంటే మొదటి స్థానం, ప్లేస్ అంటే మొదటి కొన్ని స్థానాల్లో ఒకటి. టనాలా అంటే మొదటి మూడు గుర్రాలనూ వరుస తప్పకుండా చెప్పాలి. వరుసగా కొన్ని పందేల విజేతలను ముందే చెబితే జాక్‌పాట్. ఇవి గాక సొంతంగా పందేలు కట్టించుకునే బుకీలు వేరే ఉంటారు. ఎక్కువమంది నమ్మిన గుర్రాన్ని ఫేవరెట్ అంటారు. అది గెలిస్తే వచ్చేది తక్కువ. అది గెలవని పందేలే ఎక్కువ.

మా బ్యాంకు మిత్రుడు రేసు బుక్ వెనక అట్ట మీద లెక్క వేసి చూపించాడు. "పందెం మొత్తంపై ఇదివరకు 28 శాతం జీఎస్టీ ఉండేది. 2025 సెప్టెంబరులో అది 40 శాతానికి పెరిగింది. దాని పైన క్లబ్బు కోత. అంటే కుప్పలో పోసిన డబ్బంతా ఆడినవాళ్లకు తిరిగి రాదు. ఒకరోజు ఒకరికి రావచ్చు. ప్రతిరోజూ ఆడేవాడికి మిగలడం మాత్రం జరిగే పని కాదు. మనం ఇక్కడ పెట్టింది సినిమా టికెట్ డబ్బు అనుకోవాలి. పోయింది అనుకునే పెట్టాలి" అన్నాడు. అతడి మాట అక్షరాలా నిజం. పోగొట్టుకున్నదాన్ని తర్వాతి పందెంలో రాబట్టాలన్న ఆలోచన దగ్గరే ఇళ్లు కూలాయి.

చట్టం ఈ ఆటను ఎలా చూస్తుందో కూడా చెప్పాలి. 1996లో లక్ష్మణన్ కేసులో సుప్రీంకోర్టు గుర్రప్పందెం ప్రధానంగా నైపుణ్యంతో కూడిన ఆట అని తీర్పు చెప్పింది. గుర్రం శక్తి, దాని శిక్షణ, జాకీ నేర్పు, వీటిని తెలుసుకుని అంచనా వేయవచ్చన్నది ఆ తీర్పు సారం. మరి ఆ నైపుణ్యం మనిషికి ఎక్కడ వస్తుంది? కౌంటరు క్యూలో రాదు. పాడక్ కఠెడా దగ్గర నిలబడితే వస్తుంది.

మధ్యలో విరామం దొరికితే చాయ్, సమోసాలు పట్టుకుని ఎండలో కూర్చున్నాం. అప్పుడు మాస్టారు నలుడి కథ ఎత్తుకున్నారు. మనకు నన్నయ గారి అరణ్యపర్వంలో ఉంది. పుష్కరుడితో పాచికలాడి రాజ్యం పోగొట్టుకున్న నలుడు బాహుకుడనే పేరుతో అయోధ్య రాజు ఋతుపర్ణుడి కొలువులో గుర్రాలు చూసుకుంటూ ఉంటాడు. అతడి భార్య దమయంతికి మళ్లీ స్వయంవరం అన్న కబురు వస్తుంది. దానికి ఒక్క రోజులో విదర్భ చేరాలి. బాహుకుడు గుర్రపుశాలకు వెళ్లి బక్కగా కనిపించే గుర్రాలను ఎంచుకుంటాడు. రాజు సందేహిస్తాడు. బాహుకుడు వాటి లక్షణాలు చూపించి నమ్మకంగా రథం కడతాడు. రథం గాలిలా పోతుంటే దారిలో ఒక తాండ్ర చెట్టు కనబడుతుంది. ఋతుపర్ణుడు ఒక్క చూపులో దాని ఆకులు, కాయలు లెక్క చెబుతాడు. అక్కడ ఇద్దరూ విద్యలు మార్చుకోవడానికి ఒప్పుకుంటారు. నలుడు అశ్వహృదయం తర్వాత ఇస్తాడు. ఋతుపర్ణుడు అక్కడే అక్షహృదయం ఇస్తాడు. ఒకటి గుర్రం మనసు తెలిసే విద్య. మరొకటి పాచికల లెక్క తెలిసే విద్య. ఆ రెండో విద్య అందగానే నలుణ్ని పట్టుకున్న కలి వదిలిపోయాడు.

"మన పక్కన కూర్చున్న డాక్టరు గారిది మొదటి విద్య, బ్యాంకు అబ్బాయిది రెండోది. రేసుకోర్సుకు ఈ రెండూ వెంట తెచ్చుకోవాలి" అన్నారు మాస్టారు. ఆ మాట మా అందరి మనసులో నాటుకుంది. గుర్రం మనసు తెలిసినవాడికి అక్కడ ఆనందం దొరుకుతుంది. లెక్క తెలిసినవాడికి రక్షణ దొరుకుతుంది. రెండూ లేనివాణ్ని కలి పడతాడు.

మరో మాట చెప్పకపోతే ఈ ప్రసంగం పూర్తికాదు. ఆ గుర్రాల వెనక సైసులు అనే మనుషులున్నారు. తెల్లవారుజామునే లేచి, గుర్రాన్ని కసరత్తుకు సిద్ధం చేసి, తిరిగొచ్చాక ఒళ్లు తుడిచి, డెక్కలు శుభ్రం చేసి, కాళ్లు తడిమి వాపు ఉందేమో చూసి, దాణా పెట్టి, రాత్రి దాని పక్కనే పడుకునేవాళ్లు. గెలిచిన గుర్రంతో ఫోటో దిగేటప్పుడు కళ్లెం పట్టుకుని అంచున నిలబడి ఉంటారు. ఆ రోజు ఆ ఆడగుర్రం గెలిచాక దాని సైసు దాని చెవిలో ఏదో చెబుతూ మెడ నిమిరాడు. అది తల వంచి అతడి భుజాన్ని ముట్టెతో నెట్టింది. బహుమతి అందుకున్న అందరికంటే ఆ ఇద్దరి సంతోషమే నాకు పెద్దదిగా అనిపించింది. గుర్రం గుడ్డిదైనా దాణా తప్పదని మన సామెత. పరుగు ఆగిపోయిన గుర్రానికీ దాణా తప్పకూడదు. కొన్ని గుర్రాలు సంతానం కోసం స్టడ్ ఫారాలకు వెళతాయి. కొన్ని స్వారీ నేర్పే బడులకు చేరుతాయి. అన్నిటికీ అంత మంచి చోటు దొరకదు. వాటి పరుగు మీద బతికే ప్రతి ఒక్కరూ, దాన్ని చూసి ఆనందించే మనమూ, వాటి ముసలితనం గురించి అడగాలి. గట్టిగా అడగాలి.

సాయంత్రం చివరి పందెం అయ్యేసరికి పెన్సిల్ రాతలు లెక్కపెట్టాం. డాక్టరు గారే నెగ్గారు. మలక్‌పేటలో ఒక ఇరానీ హోటల్లో చాయ్, ఉస్మానియా బిస్కెట్లతో ఆయన బాకీ తీర్చాం. అక్కడ కూర్చుని మాట్లాడిన మాటల్లో ఎవరికెంత వచ్చింది, ఎవరికెంత పోయింది అన్న ప్రస్తావనే లేదు. ఆ ఆడగుర్రం నడక గురించి, ముక్కు తేడా గురించి, గేట్లో మొరాయించిన గుర్రం గురించి చీకటి పడేదాకా చెప్పుకున్నాం.

శ్రోతలారా, మీరు వెళ్లదలుచుకుంటే నా విన్నపాలు ఇవి. ఒంటరిగా వెళ్లకండి, నవ్వుకునే స్నేహితులతో వెళ్లండి. పోయినా బాధపడని కొద్ది మొత్తమే తీసుకెళ్లండి, కార్డులు ఇంట్లో పెట్టండి. అప్పు తెచ్చి ఒక్క రూపాయి కూడా పెట్టకండి. ఫోనుల్లో పందేలు కాయమని పిలిచేవాళ్ల మాట వినకండి. ఒకసారి ఆడితే ఆగలేని మనస్తత్వం మీదని మీకు తెలిస్తే, ఆ గేటు దాటకండి. మిగతావాళ్లు తప్పకుండా వెళ్లండి. టికెట్ కొన్నా కొనకపోయినా ప్రతి పందేనికీ ముందు పాడక్ దగ్గర పది నిమిషాలు నిలబడండి. రేసుకోర్సులో చూడాల్సింది గుర్రాన్ని.